తెల్లమచ్చ కనిపించాక ఏం జరుగుతోంది?

నోటి క్యాన్సర్ మీద మెయిన్స్‌లో ప్రశ్న వస్తే మనలో చాలామంది ఏం రాస్తారో ముందే చెప్పొచ్చు. మొదటి పేరాలో పొగాకు, గుట్కా. రెండో పేరాలో కోట్పా చట్టం 2003, ప్యాకెట్ మీద 85 శాతం బొమ్మ హెచ్చరిక. మూడో పేరాలో ‘ప్రజల్లో అవగాహన కల్పించాలి’, ‘ముందస్తు గుర్తింపు శిబిరాలు నిర్వహించాలి’. చివర్లో సుస్థిర అభివృద్ధి లక్ష్యం 3.4. మార్కులు వస్తాయి, కాదనను. కానీ ఆ సమాధానం అడుగున ఒక తప్పు నమ్మకం ఉంది. మచ్చను గుర్తిస్తే చాలు, మిగతాది దానంతటదే జరిగిపోతుందని. ఈ వ్యాసంలో నా వాదన ఆ నమ్మకం మీదే.

ముందు అంకెలు చూద్దాం. గ్లోబోకాన్ అంచనాల ప్రకారం 2022లో మన దేశంలో పెదవి, నోటి క్యాన్సర్ కొత్త కేసులు సుమారు 1.43 లక్షలు. మరణాలు దాదాపు 80 వేలు. ప్రపంచం మొత్తం కేసుల్లో మూడో వంతుకు పైగా మనవే. భారతీయ పురుషుల్లో అన్ని క్యాన్సర్లలోకీ మొదటి స్థానం దీనిదే. పొగాకు వాడకంపై 2016–17లో జరిగిన గ్యాట్స్–2 సర్వే చెప్పిన 26.7 కోట్ల వాడకందార్లలో 19.9 కోట్ల మంది నమిలే, చప్పరించే, దవడన పెట్టుకునే రకాలు వాడేవాళ్లే. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెడితే కారణం వెతకనక్కర్లేదు.

కంటికి కనిపించే జబ్బు

లోపలి అవయవాల్లో పుట్టే క్యాన్సర్లు స్కానింగ్ తీస్తే తప్ప బయటపడవు. నోరు అలా కాదు. ఒక టార్చి, ఒక చిన్న అద్దం, నాలుకను పక్కకు జరపడానికి ఒక చెక్కపుల్ల ఉంటే బుగ్గల లోపలి పొర, చిగుళ్లు, నాలుక అడుగు, అంగిలి అన్నీ రెండు మూడు నిమిషాల్లో చూసేయొచ్చు. పైగా చాలామందిలో క్యాన్సర్‌కు ఏళ్ల ముందే అక్కడ ఏదో ఒక మార్పు మొదలవుతుంది.

వీటిలో అందరికీ తెలిసింది ల్యూకోప్లేకియా. గీకినా తుడిచినా పోని, వేరే జబ్బు వల్ల వచ్చిందని తేలని తెల్లమచ్చ. ఖైనీ పెట్టుకునే చోట, జర్దా కిళ్లీ దవడన ఉంచుకునే చోట ఎక్కువగా వస్తుంది. ఎర్రమచ్చ, అంటే ఎరిత్రోప్లేకియా, తెల్లమచ్చ కంటే చాలా అరుదు, చాలా ప్రమాదకరం. చూడ్డానికి చిన్న పుండులా, ఒరుసుకుపోయినట్టుగా ఉంటుంది కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోరు. తీరా ముక్క తీసి పరీక్షిస్తే అప్పటికే తీవ్రమైన కణ మార్పులో, క్యాన్సరో బయటపడడం మామూలు.

మూడోది వక్క జబ్బు. వైద్యులు ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. మొదట కారం తింటే నోరు భగ్గుమంటుంది. తర్వాత బుగ్గల లోపలి పొర తెల్లబారి, గట్టిపడి, తాళ్లలాంటి పట్టీలు ఏర్పడతాయి. నోరు తెరుచుకోవడం తగ్గిపోతూ వస్తుంది. ముద్ద పట్టదు, ఆవులింత రాదు. ఒకసారి బిగిసిన పొర మళ్లీ పూర్తిగా మునుపటిలా కావడం జరగదు. 1952లో ష్వార్ట్స్ అనే వైద్యుడు దీన్ని వర్ణించింది మన దేశంలో కాదు, కెన్యాలో స్థిరపడిన భారతీయ స్త్రీలలో. అలవాటు సముద్రం దాటితే జబ్బూ వెంట వెళ్లింది. ఎర్నాకుళం జిల్లాలో ఈ జబ్బున్నవాళ్లను 17 ఏళ్ల పాటు గమనించిన అధ్యయనంలో 7.6 శాతం మందికి క్యాన్సర్ వచ్చింది.

పరీక్ష కోసం ఒక సంగతి గుర్తుంచుకోండి. 2004లో వెలువడిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నివేదిక పొగాకు కలపని వక్కను కూడా మనుషుల్లో క్యాన్సర్ కారకంగా తేల్చింది. కాబట్టి ‘ఇందులో పొగాకు లేదు’ అని రాసి ఉన్న పాన్ మసాలా పొట్లం మంచిదని కాదు. మన నిబంధనలు గుట్కాను ఆపాయి. ఆహార భద్రత నియమాల 2.3.4 కింద 2012 నుంచి రాష్ట్రాలు వరుసగా నిషేధించాయి. వ్యాపారం ఏం చేసింది? మసాలా ఒక పొట్లం, పొగాకు మరో పొట్లం. కొన్నవాడే అరచేతిలో కలుపుకుంటాడు. నిషేధం గురించి రాసేటప్పుడు ఈ జంట పొట్లాల సంగతి వదిలేస్తే సమాధానం సగమే.

పదజాలం గురించీ ఒక మాట. వీటిని పాత పుస్తకాల్లో ‘క్యాన్సర్ పూర్వ గాయాలు’ అనేవారు. 2005 తర్వాత నిపుణులు ‘క్యాన్సర్‌గా మారే అవకాశమున్న రుగ్మతలు’ అంటున్నారు. ఇందులో ‘అవకాశం’ అన్నదే ముఖ్యం. మచ్చ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి క్యాన్సర్ రాదు. ఎవరికి వస్తుందో చూపుతో చెప్పలేం. అందుకే ముక్క పరీక్ష కావాలి, ఏళ్ల తరబడి గమనింపు కావాలి. గ్రామంలో టార్చి వేసి చూసే పనికీ, పట్నంలో ముక్క పరీక్షకూ మధ్య ఉన్న దూరమే అసలు సమస్య.

శ్రీకాకుళం నుంచి తిరువనంతపురం దాకా

ఈ విషయంలో మనకు పరదేశపు ఉదాహరణలు అవసరం లేదు. నోటి జబ్బుల పరిశోధనలో శ్రీకాకుళం పేరు ప్రపంచానికంతా తెలుసు. చుట్ట నిప్పు కొసను నోటి లోపల పెట్టుకుని కాల్చే అడ్డపొగ అక్కడి తీర గ్రామాల్లో, ముఖ్యంగా ఆడవాళ్లలో పాతుకుపోయిన అలవాటు. పనిలో ఉన్నా నిప్పు ఆరదు, గాలికి నుసి ఎగరదు. కానీ ఆ వేడంతా అంగిలికే. వేరే చోట్ల అరుదుగా కనిపించే అంగిలి క్యాన్సర్ అందుకే ఇక్కడ ఎక్కువ.

1960లలో ఫాలి మెహతా, డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్ తదితరులు శ్రీకాకుళంతో సహా ఐదు జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి 50 వేల మందికి పైగా గ్రామీణుల నోళ్లు పరీక్షించారు. ఈ పని నడిపింది అణు భౌతికశాస్త్రానికి పేరుపడ్డ టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లోని దంత పరిశోధన విభాగం అంటే చాలామంది నమ్మరు. అదే బృందం తర్వాత ఎర్నాకుళం, భావ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో 36 వేల మంది పొగాకు వాడకందార్లను ఏటా కలిసింది. నోరు చూసి, మానమని నచ్చజెప్పింది. ఎర్నాకుళంలో కొత్తగా తెల్లమచ్చలు వచ్చే రేటు బాగా పడిపోయింది. ఆ ఫలితాలు 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. నోరు చూడడమూ, మాన్పించడమూ ఒకే పనిలో రెండు భాగాలని నలభై ఏళ్ల కిందటే మన పల్లెల్లో తేలిన విషయం.

రెండోది తిరువనంతపురం జిల్లా ప్రయోగం. 1996లో మొదలైంది. 13 పంచాయతీ సముదాయాల్లో ఏడింటిలో స్క్రీనింగ్, ఆరింటిలో మామూలు వైద్యం. 35 ఏళ్లు దాటిన దాదాపు 1.9 లక్షల మంది. ఇళ్లకు వెళ్లి నోళ్లు చూసింది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన డిగ్రీ చదివిన యువతీయువకులు. 2005లో వచ్చిన ఫలితాల ప్రకారం పొగాకో మద్యమో అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి. మొత్తం జనాభాలో చూస్తే తగ్గుదల 21 శాతం. అది గణాంకపరంగా గట్టిగా నిలిచేది కాదు. 15 ఏళ్ల తర్వాత చూసినా అలవాటున్నవాళ్లలో మరణాలు 24 శాతం తక్కువే. టార్చితో చూడడం వల్ల ప్రాణాలు దక్కుతాయనడానికి ప్రపంచం మొత్తం చూపించే ప్రధాన సాక్ష్యం ఇదే. మూడో దశకు ముందే దొరికిన క్యాన్సర్లు స్క్రీనింగ్ జరిగిన చోట 41 శాతం, జరగని చోట 23 శాతం.

అయితే ఇదే ప్రయోగంలో ఎవరూ పెద్దగా చెప్పుకోని అంకె ఒకటుంది. నోట్లో అనుమానపు మచ్చ ఉందని తేలినవాళ్లు 5,145 మంది. డాక్టర్ దగ్గరికి వెళ్లండని పంపితే వెళ్లినవాళ్లు 3,218 మంది. అంటే 63 శాతం. పరిశోధన బృందం వెంటపడి, తేదీ చెప్పి, గుర్తుచేసి పంపితే, అదీ అక్షరాస్యతకు పేరుపడ్డ కేరళలో, వందకు 37 మంది వెళ్లలేదు. శ్రీలంకలో 1980లలో గ్రామీణ ఆరోగ్య కార్యకర్తలతో ఇలాంటి ప్రయత్నమే చేశారు. కార్యకర్తలు మచ్చల్ని బాగానే గుర్తుపట్టారు. పంపినవాళ్లలో రిఫరల్ కేంద్రానికి చేరింది మాత్రం సగం కంటే కొంచెం ఎక్కువ.

మన దగ్గర పరిస్థితి ఇంకా వెనుక. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్–5 (2019–21) ప్రకారం 30–49 ఏళ్ల వారిలో ఎప్పుడైనా నోటి క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవాళ్లు స్త్రీలలో 0.9 శాతం, పురుషుల్లో 1.2 శాతం. ఈ అంకె రాసి, ‘కాబట్టి స్క్రీనింగ్ పెంచాలి’ అని ఆగిపోవడం తేలిక. పెంచితే పెరుగుతుంది కూడా. 2016 మార్గదర్శకాల ప్రకారం 30 ఏళ్లు దాటిన అందరికీ బీపీ, షుగర్‌తో పాటు ఐదేళ్లకోసారి నోరు చూడాలి. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి ఫారం నింపుతుంది, ఏఎన్ఎమ్మో, ఆరోగ్య కేంద్రంలోని సీహెచ్‌ఓనో నోరు చూస్తారు. పోర్టల్‌లో ‘స్క్రీన్ చేసినవారు’ అన్న గడిలో అంకె రోజురోజుకీ పెరుగుతుంది. ఆ అంకె మీదే సమీక్ష సమావేశాలు, ఆ అంకె మీదే జిల్లాల ర్యాంకులు. మచ్చ కనిపించినవాళ్లలో ఎందరు ముక్క పరీక్ష దాకా వెళ్లారన్న ప్రశ్న ఆ సమావేశంలో రాదు.

వెళ్లరు, ఎందుకు?

‘ప్రజల నిర్లక్ష్యం’ అని రాయకండి. ఒక్కసారి ఆ మనిషి వైపు నుంచి చూడండి. తెల్లమచ్చకు నొప్పి లేదు. అన్నం తింటున్నాడు, కూలికి వెళ్తున్నాడు. ఊళ్లో నర్సమ్మ చీటీ రాసిచ్చి జిల్లా ఆసుపత్రికి వెళ్లమంది. వెళ్తే ఒక రోజు కూలి పోతుంది. బస్సు చార్జీలు, మధ్యాహ్నం భోజనం. అక్కడ ఓపీ చీటీ, దంత విభాగం ఏ గదో వెతుక్కోవడం, ‘ముక్క పరీక్షకు బుధవారం రండి’ అన్న మాట. మళ్లీ ఒక కూలి రోజు. రిపోర్టు కోసం మూడో రోజు. ఇంత చేసినా చివరకు ‘పర్వాలేదు, ఆరు నెలలకు రండి’ అని చెప్పే అవకాశమే ఎక్కువ. అతను వెళ్లకపోవడం మూర్ఖత్వం కాదు, లెక్క. పైగా కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుందన్న భయం మన ఊళ్లలో గట్టిగా ఉంది. ముక్క పరీక్ష అనే మాట వినగానే ముసలమ్మ చేయి అడ్డం పెడుతుంది.

ఇప్పుడు ప్రభుత్వ ఖర్చు ఎటు ఉందో చూడండి. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ పీఎం–జే కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా ఇస్తుంది, ఆసుపత్రిలో చేరితే. ఔట్ పేషెంట్ ఖర్చు దాని పరిధి కాదు. మచ్చ నుంచి ముక్క పరీక్ష దాకా ఉన్న ప్రయాణమంతా ఔట్ పేషెంటే. అంటే దవడ తీసేయాల్సి వచ్చిన రోజున లక్షలు సిద్ధం, దవడ దక్కించే రోజున బస్సు టికెట్ లేదు. ఇది దుర్మార్గమని అనను. పథకం ఆసుపత్రి బిల్లుల భయం నుంచి పుట్టింది కాబట్టి దాని చూపు ఆసుపత్రి మంచం దగ్గరే ఆగింది.

దీనికి పరిష్కారం మన చేతిలోనే ఉన్నదని నా అభిప్రాయం. 2005లో జననీ సురక్షా యోజన వచ్చినప్పుడు ప్రభుత్వం ‘ఆసుపత్రి కాన్పుపై అవగాహన’ అని ఊరుకోలేదు. తల్లికి డబ్బిచ్చింది, వెంట వెళ్లిన ఆశాకు డబ్బిచ్చింది. ఆశాకు ఫారం నింపినందుకు ఇచ్చేది పది రూపాయలు. మచ్చ ఉన్న మనిషిని ముక్క పరీక్ష దాకా తీసుకెళ్లి, రిపోర్టు చేతికి అందేదాకా వెంట ఉన్నందుకు అంతకు ఎన్నో రెట్లు ఇవ్వాలి. ఆ మనిషికి రెండు రోజుల కూలీ, చార్జీలు ఇవ్వాలి. మచ్చ ఉన్నవాళ్లు జనాభాలో కొద్ది శాతమే. కాబట్టి ఖర్చు చూసి జడవాల్సిన పని లేదు. రెండోది, నెలకో రోజు దంత వైద్యుడు సీహెచ్‌సీకి వచ్చి అక్కడే ముక్క తీస్తే, ముక్క సీసాలో జిల్లా కేంద్రానికి ప్రయాణిస్తుంది, మనిషి ప్రయాణించనక్కర్లేదు. దేశంలో 300కు పైగా దంత కళాశాలలున్నాయి. మన చదువుల గదుల్లోనే బీడీఎస్ పట్టా పెట్టెలో పెట్టి గ్రూప్–1 పుస్తకాలు పట్టుకున్నవాళ్లు ఎందరో. పీహెచ్‌సీ స్థాయిలో దంత వైద్యుడి పోస్టు అరుదు కావడం ఈ రెండింటికీ మధ్యన ఉన్న సంగతి.

ఎదురు వాదన

ఇంటర్వ్యూ బోర్డులో ఎవరైనా ఇలా అడగొచ్చు: అమెరికాలో నివారణ సేవల నిపుణుల బృందం 2013లో లక్షణాలు లేనివారికి నోటి క్యాన్సర్ స్క్రీనింగ్ చేయాలో వద్దో చెప్పడానికి సాక్ష్యం చాలదంది కదా? నిజమే. తెల్లమచ్చను కోసి తీసేస్తే క్యాన్సర్ ఆగుతుందనడానికీ బలమైన రుజువు లేదు. ఎక్కువ మచ్చలు ఏమీ కావు గనుక ఊరికే భయపెట్టినట్టవుతుందన్న మాటలోనూ పస ఉంది.

నా సమాధానం ఇది. అక్కడ నమిలేవాళ్లు తక్కువ, ఇక్కడ కోట్లలో ఉన్నారు. తిరువనంతపురం ఫలితం కూడా అలవాటున్నవాళ్లలోనే గట్టిగా నిలిచింది. కాబట్టి 30 దాటిన ప్రతి నోటినీ ఒకే తీరుగా చూసి అంకె పెంచడం కంటే, నమిలే, కాల్చే, తాగే మనుషుల్ని ఎంచుకుని వాళ్లను ఏటా చూడడం మేలు. మచ్చ దొరికితే దాన్ని కోయడం కంటే అలవాటు మాన్పించడం ముఖ్యం. మానేస్తే చాలా తెల్లమచ్చలు తగ్గుముఖం పడతాయి. గోడ మీద పోస్టర్ చూసి మానని మనిషి, అద్దంలో తన బుగ్గ మీద మచ్చ చూసుకుని మానే అవకాశం ఎక్కువ. ఆ క్షణాన్ని వాడుకునే మనిషి కావాలి. చీటీ రాసిచ్చి పంపేస్తే ఆ క్షణం పోయినట్టే.

ఒక్క మార్పు మాత్రం వయసు విషయంలో కావాలి. 30 ఏళ్ల గీత పొగాకు క్యాన్సర్‌కు సరిపోవచ్చు, వక్క జబ్బుకు సరిపోదు. పాన్ మసాలా పొట్లం పిల్లల చేతికి హైస్కూల్లోనే అందుతోంది. ఇరవై ఏళ్ల కుర్రాడికి నోరు బిగిసిపోతే మన ఫారంలో అతనికి గడే లేదు. బడి ఆరోగ్య పరీక్షల్లో కళ్లు, పళ్లు చూసినట్టే నోరు ఎంత తెరుచుకుంటుందో చూడడానికి పైసా ఖర్చు లేదు.

ఈ మాట దూరం వాళ్ల గురించి కాదు. అశోక్‌నగర్ గదుల్లో, చిక్కడపల్లి లైబ్రరీ బయట టీకొట్ల దగ్గర, రాత్రి నిద్ర ఆపుకోవడానికి వక్కపొడి పొట్లాలు చింపేవాళ్లు మనకు తెలిసినవాళ్లే. మీ మూడు వేళ్లు, చూపుడు, నడిమి, ఉంగరం వేళ్లు, నిలువుగా పళ్ల మధ్య పెట్టి చూసుకోండి. పట్టకపోతే, లేదా కారం తింటే ఈమధ్య మంట ఎక్కువైతే, లేదా రెండు వారాలైనా మానని పుండో, గీకినా పోని తెల్లమచ్చో, ఎర్రమచ్చో ఉంటే దంత వైద్యుడికి చూపించుకోండి. హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో ప్రభుత్వ దంత కళాశాల ఆసుపత్రులున్నాయి. పొద్దున్నే వెళ్తే ఓపీ చీటీ దొరుకుతుంది. పొగాకు మానడానికి సాయం కావాలంటే 1800 112 356 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. గదిలో మీ పక్కవాడు వెళ్లనంటే, ఆ ఒక్క పూట మీరూ తోడు వెళ్లండి.